గోపమ్మ భాగించిన సంఖ్య

ఆలేరు దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసే గోపమ్మ ఏడో తరగతిలో బడి మానేసింది. యాభై రెండో ఏట, కూతురు నిరోష నర్సు ఉద్యోగంలో చేరాక, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకుంది. ఆదివారాలు ఆలేరు పోయి పాఠాలు వినేది. లెక్కలంటే ఆమెకు ప్రాణం.

ఒక ఆదివారం శైలజ మేడం ప్రధాన సంఖ్యల గురించి చెప్పింది. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనివన్నమాట. మర్నాడు గోపమ్మ ఒక గొర్రె చెవిబిళ్ల మీద 104729 అన్న సంఖ్య చూసింది. మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు. పదమూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది, పంతొమ్మిదితోనూ ఒకటే. దాంతో ఆమెకు పంతం పుట్టింది. గొర్రెలు మేస్తుంటే రోజూ బండ మీద బొగ్గుతో భాగహారాలు చేస్తూ, మిగిలిన శేషాన్ని పైకి అరిచి చెప్పేది.

"ఎందాక చేస్తవే? లక్ష దాక పోతవా?" అన్నాడు భర్త గుర్వయ్య.

"మూడొందల ఇరవై మూడు దాక చాలు. గీ బిళ్ల మీదున్నన్ని గొర్లను సమంగ వరుసలు కట్టినమనుకో. వరుసలు అంతకు మించితే, ఒక్కో వరుసల మూడొందల ఇరవై మూడుకు ఎక్కువ పట్టయి. గా చిన్న లెక్కను నేను ముందే చూసి ఉంట గద! ఇగ రెండుతోటి పోనిది నాలుగుతోటి ఎట్ల పోతది? గందుకే ప్రధాన సంఖ్యలతోనే చేస్తున్న."

గుర్వయ్యకు సంతకం కూడా రాదు. అయినా బుద్ధిగా తలూపాడు.

తొమ్మిదో రోజు పెద్ద వాన కురిసి బండంతా కడిగేసింది. గోపమ్మ దిగాలుగా కూలబడింది. "ఎందాక అయిందో కూడ యాదికి లేదు."

"ఫికర్ జెయ్యకు," అన్నాడు పక్కనే తడుస్తున్న గుర్వయ్య. " రెండొందల ఇరవై మూడు దాక అయింది. నూట నలభై రెండు మిగిలినయన్నవ్. అంతకు ముందు రెండొందల పదకొండుకు డెబ్బై మూడు."

గోపమ్మ తడి నేల మీద కర్రపుల్లతో రెండూ మళ్లీ చేసి చూసింది. సరిగ్గా అంతే.

"నువ్వెట్ల యాది పెట్టుకున్నవ్?"

"రోజంత నువ్వు ఒర్రుతుంటె నా చెవులు మూసుకపోతయా?"

గోపమ్మ కొంగుతో మొగుడి తల తుడిచింది, ఏళ్ల తర్వాత.

మరో నాలుగు రోజుల్లో మిగతావీ అయిపోయాయి. మూడు వందల ఇరవై మూడు లోపు చివరి ప్రధాన సంఖ్య మూడు వందల పదిహేడు. దానికీ నూట పంతొమ్మిది మిగిలాయి; ఆ సంఖ్య దేనితోనూ పోలేదు. ఆదివారం శైలజ మేడం ఫోన్లో వెతికి, "నిజమే గోపమ్మా! ఇది ప్రధాన సంఖ్యే. రెండు నుంచి ప్రధాన సంఖ్యలను లెక్కపెట్టుకుంటూ వస్తే సరిగ్గా పదివేలోది!" అంది.

ఇంటికి చేరగానే గోపమ్మ ఆ ముచ్చట చెప్పింది.

"పదివేల దాక ఎవరు లెక్కవెట్టిన్రే?" అని ఆశ్చర్యపోయాడు గుర్వయ్య.

"నాలెక్కనే ఎవరో!" అని నవ్వింది గోపమ్మ.

"అయితే వాళ్లింట్ల గూడ వినేటోడు ఒకడుంటడు తియ్యి," అంటూ గుర్వయ్య గొర్రెలకు నీళ్లు పెట్టడానికి లేచాడు.