సదాశివరావు పక్క సీటు

ఢిల్లీ పక్కనున్న వైశాలి నుంచి కేంద్ర సచివాలయానికి వెళ్ళే చార్టర్డ్ బస్సులో భీమేశ్వరరావుకు ఒక సీటుండేది. నెలనెలా డబ్బు కట్టి ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ బస్సు అది. స్నేహితుడు సదాశివరావు ముందు స్టాపులో ఎక్కి, పక్క సీటు మీద చేతిరుమాలు వేసి ఉంచేవాడు. మిత్రుడు రాగానే తీసి జేబులో పెట్టుకొనేవాడు. యమున దాటేలోపు పేకాట మొదలయ్యేది. మోకాళ్ళ మీది బ్రీఫ్‌కేసే బల్ల.

"ఆ గయీ మద్రాసీ జోడీ" అని, మద్రాసీల జంట వచ్చేసిందంటూ హిందీలో ఆటపట్టించేవాడు వెనక సీటు శర్మ.

"మద్రాసు మాకూ దూరమే శర్మాజీ. ముక్కలు పంచండి" అనేవాడు సదాశివరావు.

ఇద్దరూ అసిస్టెంట్లు, వేరు వేరు శాఖల్లో. 2001లో ఇద్దరూ ఒకే ప్రమోషన్ పరీక్ష రాశారు. సదాశివరావు పాసై సెక్షన్ ఆఫీసరయ్యాడు. భీమేశ్వరరావు తప్పాడు. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన బస్సెక్కేసరికి, ఆ సీట్లో ఎవరో కోటు మనిషి కూర్చొని ఉన్నాడు. సదాశివరావు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకొని ఉన్నాడు.

ఆఫీసరుకు నా పక్కన కూర్చోవడం నామోషీ అయింది అనుకున్నాడు భీమేశ్వరరావు. అనుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాటి నుంచి వేరే బస్సు పట్టాడు.

ఆ తర్వాత అన్నీ అలాగే కనిపించాయి. ఉగాది సభలో సదాశివరావు ఎవరితోనో నవ్వుతుంటే, అది తన గురించే. అతని కూతురు మైథిలి పెళ్ళికి శుభలేఖ పోస్టులో వచ్చింది.

"చూశావా, ఇంటికొచ్చి పిలవడానికి కాళ్ళు రాలేదు."

"అందరికీ పోస్టులోనే వచ్చిందండీ" అంది భార్య అన్నపూర్ణేశ్వరి.

ఆవిడ ఒక్కతే పెళ్ళికి వెళ్ళొచ్చింది.

బస్సు మారిన ఆరేళ్ళకు ఆయనకు ఛాతీ బరువెక్కడం, నిద్ర పట్టకపోవడం మొదలైంది. గుండె బాగానే ఉందని చెప్పి, డాక్టరు ఆయన్ను పై అంతస్తులో సరోజిని అనే కౌన్సెలరు దగ్గరకు పంపాడు. ఆవిడదీ ఆయనలాగే గోదావరి జిల్లానే. మాటల్లో బస్సు సంగతి వచ్చింది.

"కళ్ళతో చూసిందేమిటండీ?"

"నన్నొద్దనుకున్నాడు."

"అది మీరనుకున్నది. చూసింది?"

ఆయన ఆలోచించాడు. "సీట్లో ఇంకొకడున్నాడు. వీడు కళ్ళు మూసుకున్నాడు."

"కళ్ళు ఇంకెందుకైనా మూసుకుంటారా?"

"నిద్రొస్తే మూసుకుంటారు" అన్నాడు, కాస్త విసుగ్గా.

జరిగింది ఒకటి, దాని గురించి మనం అనుకున్నది ఇంకొకటి అంది సరోజిని. మనసు నొచ్చుకునేది రెండోదాని వల్ల. కాబట్టి దాన్ని నమ్మే ముందు సాక్ష్యం అడగాలి. "వెళ్ళి అడిగితే ఏమవుతుందనుకుంటున్నారు?"

"నవ్వుతాడు. గుమ్మంలోంచే పంపేస్తాడు."

"అయితే వెళ్ళి చూడండి."

మూడు ఆదివారాలు వాయిదా వేసి, నాలుగో ఆదివారం వెళ్ళాడు. ఇంటినిండా అట్టపెట్టెలు. సదాశివరావు రిటైరై సామర్లకోట వెళ్ళిపోతున్నాడు. మర్నాడు పొద్దున్నే సామాను లారీ.

"ఏవయ్యా, ఇన్నాళ్ళకా" అంటూ ఒక పెట్టె మీద కూర్చోబెట్టాడు. అతని భార్య మాణిక్యాంబ విప్పిన మూటలోంచి గ్లాసులు వెతికి టీ ఇచ్చింది.

భీమేశ్వరరావు ఆనాటి బస్సు సీటు సంగతి అడిగాడు.

"ఏ రోజో నాకు గుర్తు లేదురా. నిద్రపోయుంటాను. తర్వాత కొన్నాళ్ళు సీటు ఆపాను, నువ్వు రాలేదు."

"మరి అడగలేదేం?"

"పరీక్ష పోయినవాణ్ణి, పాసైనవాడు వెళ్ళి పలకరిస్తే పుండు మీద కారం చల్లినట్టుంటుందని ఊరుకున్నాను. పెళ్ళికైనా వస్తావనుకున్నాను."

చీకటి పడేదాకా ఇద్దరూ పుస్తకాల కట్టలకు తాళ్ళు బిగించారు.

మంగళవారం సరోజిని అడిగింది. "భయపడ్డట్టే జరిగిందా?"

"లేదమ్మా. టీ ఇచ్చాడు. కాసేపుండు అన్నాడు."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

"అప్పుడే అడిగుంటే ఆరేళ్ళు మిగిలేవి అని."

ఆవిడ రాసుకోవడం ఆపి ఆయన వైపు చూసింది.

"దీనికీ సాక్ష్యం అడుగుతారా అమ్మా?"

"అడగనండీ. ఇది మీరు ఊహించుకున్నది కాదు. ఈ బాధను పోగొట్టడం నా పని కాదు."

భీమేశ్వరరావు తలూపాడు. సదాశివరావు సామాను లారీ అప్పటికి ఆగ్రా ఎప్పుడో దాటి ఉంటుంది.