ఉప్పు బిస్కెట్ల పెట్టెలు

ఆలమూరు టీ కొట్లో గాజు గ్లాసులు తీసేసి కాగితం కప్పులు పెట్టేరు. రెండు గుక్కలకే అయిపోతుంది. దాన్ని టీ అనకూడదు, శాంపిల్ అనాలి.

2022లో నేను కొత్తపేటలో ఒక పెద్ద బిస్కెట్ కంపెనీ డిస్ట్రిబ్యూటరు దగ్గర సేల్స్‌మన్‌ని. మా పనిలో ‘బీట్’ అంటే ఫలానా రోజు ఫలానా కొట్లకి వెళ్లాలనే జాబితా. అది ఫోన్లోని యాప్‌లో ఉంటుంది. వరసగా నాలుగు వారాలు ఆర్డరు లేకపోతే యాప్ ఆ కొట్టుని తీసేస్తుంది. మనుషుల్ని అంత మొహమాటం లేకుండా మర్చిపోవడం నేనింకెక్కడా చూడలేదు.

ఆ ఏడాది కంపెనీ తన చరిత్రని పుస్తకంగా వేస్తోంది. నేను ఎమ్మే హిస్టరీ అని మేనేజరుకి గుర్తొచ్చింది. “నీ ఏరియాలో పాత కొట్టు చూసి, ఫొటోలు తీసి, రాసి పంపు” అన్నాడు. నా డిగ్రీని ఒకరు వాడుకోవడం అదే మొదలు.

నాకు తెలిసిన పాత కొట్టు వాడపల్లి దగ్గర ఏటిగట్టు మీద రత్తయ్యగారిది. డెబ్భై దాటినాయన. భార్య పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. ప్రతి గురువారం తప్పకుండా ఒక పెట్టె ఉప్పు బిస్కెట్లు తీసుకునేవారు. రోజుకి నలభై కొట్లు తిరిగితే అందరూ “స్కీమేముంది?” అనేవాళ్లే. “భోంచేసేరా?” అనేది ఆయనొక్కరే.

“మీ కంపెనీకి పెళ్లా ఏంటండీ, ఫొటోలంటన్నారు?”

“వందేళ్లండి.”

“ఆయ్. నాకంటే పెద్దది. నాకంటే బాగానే ఉంది.”

వాళ్ల నాన్నగారి రోజుల్లో బిస్కెట్లు గాజు మూత డబ్బాల్లో కాలవ పడవ మీద వచ్చేవట. లెక్కపెట్టి అమ్మేవారు. “అప్పుడు బిస్కెట్టు పిల్లల తిండి కాదండీ, జొరం తిండి. ఎవరైనా నాలుగు ఉప్పు బిస్కెట్లడిగితే, ఇంట్లో ఎవరికి బాలేదని అడిగేవాళ్లం. సాయంత్రం చూసొచ్చేవాళ్లం.” నేను రాసుకున్నాను. కంపెనీ వాళ్ల ఏ రికార్డులోనూ ఈ ముక్క ఉండదు.

“ఆ డబ్బా లోపలుంది. నా మోకాళ్లు లేవవు, మీరే తెచ్చుకోండి.”

లోపలికెళ్తే డబ్బా ఉంది. దాని పక్కన గోడ పొడుగునా మా ఉప్పు బిస్కెట్ల పెట్టెలు. ముప్పై పైనే. ఒక్కదాని సీలూ తియ్యలేదు.

“ఇవి అమ్మలేదాండీ?”

“ఎవరికండీ? ఇప్పుడు జొరమొస్తే బిర్యానీ తెప్పించుకుంటన్నారు.”

“మరెందుకు తీసుకుంటున్నారు?”

ఆయన డబ్బా మూత పైపంచెతో తుడిచేరు. “ఆర్డరు లేకపోతే రానివ్వరని మీరే చెప్పేరు కదండీ.”

చెప్పేను. మొదటి వారం, జోకుగా.

అప్పుడు నాకు మంచితనం పొంగుకొచ్చింది. మేనేజరుని బతిమాలి పెట్టెలన్నీ ‘ఎక్స్‌పైరీ రిటర్న్’ రాయించేను. అంటే తేదీ దాటిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోవడం. “ఇంకెప్పుడూ తీసుకోకండి, నేను ఊరికే వస్తాను” అన్నాను. ఆయన “ఆయ్” అన్నారు. ఆర్డరు పెడతానని ఇంకో రెండుసార్లు అంటే నేనే వద్దన్నాను.

నాలుగు వారాలూ వెళ్లేను. ఐదో వారం యాప్‌లో ఆ కొట్టు లేదు. నన్ను రాజోలు వైపు వేసేరు. మనిషిగా వెళ్లడానికి ఏ యాప్ అనుమతీ అక్కర్లేదు. ఆ సంగతి నాకు ఆర్నెల్ల దాకా తోచలేదు.

పుస్తకం అచ్చయి వచ్చేక పట్టుకెళ్లేను. కొట్టు సగం తలుపు వేసుంది. లోపల ఆయన ఒక్కరే, మాట్లాడి చాలా రోజులైన గొంతుతో “రండి” అన్నారు. పుస్తకంలో నిండు పేజీలో డబ్బా ఫొటో ఉంది. కింద ‘గోదావరి తీరంలో దొరికిన పాత డబ్బా’ అని ఉంది. ఆయన పేరు లేదు. జొరం సంగతీ లేదు.

కొట్టువాడికి ఏం మిగులుతుందో చూడడం ఈ ఉద్యోగంలో నేర్పుతారు. ఏం పోతుందో నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను, ఆలస్యంగా. “ఇంకెప్పుడూ తీసుకోవద్దన్నది మీ మేలు కోరేనండి” అన్నాను.

రత్తయ్యగారు పుస్తకం మూసి నా చేతికిచ్చేరు.

“బాబూ, నాకు చేసిన మేలు ఇంకెవరికీ చెయ్యకండి.”