ఇంజిన్‌కి బిరడా

బందరులో పాత మోటార్ సైకిళ్ళు బాగుచేయడం నా పని. ఈ ఉదయం చల్లపల్లి నుంచి ఒక పెద్దాయన, భార్యను వెనక కూర్చోబెట్టుకుని, వాళ్ళ నాన్నగారి కాలం నాటి బండి మీద దిగాడు. పెళ్ళికి వెళ్తున్నారట. ఆయన తెల్ల ప్యాంటూ, ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళూ ఇంజిన్ ఆయిల్‌తో నల్లగా తడిసిపోయి ఉన్నాయి.

వంగి చూస్తే, ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే సన్నని గొట్టంలో చెక్క బిరడా దిగగొట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారండీ?"

"నేనే. అక్కడ చుక్కలు చుక్కలుగా కారుతోందని మూసేశాను. మీ మెకానిక్కులైతే ఇంత చిన్న పనికి ఇంజినంతా విప్పేస్తారు కదా!"

నాకు ఒళ్ళు మండింది. "గాలి పోయే దారి మూసేస్తే ఊరుకుంటుందా అండీ? ఉన్న అతుకులన్నిట్లోంచీ ఆయిల్‌ని తన్నుకుంటూ వస్తుంది" అని పక్క టీకొట్టు వాళ్ళకి కూడా వినబడేలా అన్నాను. అందరూ నవ్వారు. నాకు హాయిగా అనిపించింది.

"నేను అప్పుడే చెప్పాను..." అనబోయింది ఆవిడ.

"నువ్వు నోర్ముయ్!" అని ఆయన అరిచాడు.

ఆవిడ నోరు మూసుకుంది. నేను బిరడా పీకి విసిరెయ్యబోతుంటే మాత్రం చెయ్యి చాపింది.

"పారెయ్యకు బాబూ, ఇటివ్వు. ఈయన పోయే రోజున నోట్లో తులసి నీళ్ళు పొయ్యను. ఇది పెడతాను."

ఈసారి టీకొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు. నేను బిరడాకున్న ఆయిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

మీరైతే ఇచ్చేవారా?