ఐస్ మీద జారని బూట్లు

కొత్త చెప్పులు కరుస్తాయని అందరికీ తెలుసు. కాని ఒక జత గమ్ బూట్లు మనిషిని ఇస్త్రీ చొక్కాతో సహా ఫిషింగ్ హార్బర్ జనమంతా చూస్తుండగా చేపల కుప్పలో కూర్చోబెట్టగలవని, ఆపైన అత్తారింట్లో వాడి మాటకి ఉన్న కాస్త విలువనీ ఉప్పునీళ్ళలో కలపగలవని తెలిసినవాణ్ణి విశాఖపట్నం మొత్తానికి నేనొక్కణ్ణే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఇంతవరకూ తేలలేదు. చదివి మీరే తేల్చండి.

అప్పట్లో నేను గోపాలపట్నంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాను. అది పొట్ట కోసం. నా అసలు ఘనత వేరే ఉండేది. ఫోన్లో సామాన్లు కొని, కొన్న ప్రతిదానికీ రివ్యూ రాసేవాణ్ణి. సొంత పేరుతో కాదు లెండి, ‘వైజాగ్ వీరుడు’ అనే పేరుతో. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

పార్సిల్ అందిన రోజే రివ్యూ రాస్తే ఆ యాప్ వాళ్ళు పాయింట్లు ఎక్కువిచ్చేవారు. అందుకని కుక్కర్ ఇంకా అట్టపెట్టెలో ఉండగానే ‘మూడు నెలలుగా వాడుతున్నాం, అన్నం మల్లెపువ్వులా ఉడుకుతోంది’ అని రాసేశాను. ఆ వారంలోనే అది పప్పునంతా వంటింటి పైకప్పుకి పూసింది. గొడుగు గురించి ‘తుఫానుకి కూడా చెక్కుచెదరదు’ అని రాశాను. మర్నాడు మద్దిలపాలెం జంక్షన్లో చిన్న గాలికే అది తలకిందులైతే, డిపోలోంచి వచ్చే బస్సుల వాళ్ళందరూ చూస్తుండగా దానితో కుస్తీ పట్టాను. రివ్యూ మార్చావా అంటారా? మార్చలేదు. అప్పటికే బోలెడుమంది దానికింద ‘ఉపయోగపడింది’ అని నొక్కి ఉన్నారు. అంతమందిని నిరాశపరచడం మర్యాదా, మీరే చెప్పండి!

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. ఆఫీసు ముందు రోడ్డు చెరువైంది. పసుపు రంగు గమ్ బూట్లు ఒక జత తెప్పించాను. మధ్యాహ్నం భోజనాల వేళ పార్సిల్ వచ్చింది. ఒక చేత్తో పెరుగన్నం తింటూ, రెండో చేత్తో ఇలా రాశాను:

‘ఆరు నెలలుగా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ పసుపు బూట్లతోనే ఐస్ మీద నడుస్తున్నాను. ఒక్కసారి కూడా జారలేదు. ఇవి బూట్లు కావు, కాళ్ళకి లంగర్లు.’

అందులో నిజం ఒక్కటే. రంగు పసుపే.

పది రోజుల తర్వాత నూకరాజు ఫోన్ చేశాడు. నూకరాజంటే నా భార్య గౌరికి అన్నయ్య. హార్బర్‌లో ఒక మరబోటు నడుపుతాడు. అతని కింద ఆరుగురు పనిచేస్తారు.

“బావా, ఒకటి అడుగుతాను సెప్పు. ఫోన్లో పసుపు బూట్లు సూసినాను. ఎవడో ఈరుడంట, మన ఆర్బర్లోనే ఆరు నెల్లు తొడిగినాడంట. ఐస్ మీద జారవని రాసినాడు. నిజమేనంతావా?”

నా గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. భయంతో అనుకునేరు. గర్వంతో! నేను రాసింది సముద్రం దాకా వెళ్ళిందన్నమాట.

“అంత బాగా రాసినాడా బావా?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“బాగానే రాసినాడు. గానీ ఆడెవడో నాకేటి తెలుసు? నువ్వు సదూకున్నోడివి. నీ మాట మీద నాకు నమ్మకం. కొనీమంతావా, వద్దంతావా?”

చూశారా! ఆ క్షణాన ‘బావా, అది రాసింది నానే, ఆ బూట్లు ఇంకా పెట్టిలోనే ఉన్నాయి’ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ‘సదూకున్నోడివి’ అన్న ఆ ఒక్క మాట నన్ను చెడగొట్టింది.

“కళ్ళు మూసుకుని కొనీ బావా!” అన్నాను.

అతను తనకీ, తన వాళ్ళకీ కలిపి ఏడు జతలు తెప్పించాడు.

ఒక ఆదివారం తెల్లవారకముందే మళ్ళీ ఫోన్. “బావా, ఓపాలి ఆర్బర్‌కి రా. బూట్ల గురించి మాటాడాల.” అంతే, పెట్టేశాడు.

నేనేమనుకున్నానంటే, కృతజ్ఞత చెప్పడానికి పిలుస్తున్నాడనుకున్నాను. అందరూ చుట్టూ చేరతారు, ఒక పెద్ద వంజరం చేప చేతిలో పెడతారు, వద్దు వద్దంటూ పుచ్చుకోవాలి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సందర్భానికి తగినట్టుంటుందని నా బూట్లు కూడా పెట్టెలోంచి తీసి మొదటిసారి తొడుక్కున్నాను.

హార్బర్‌లో వేలం పాట జోరుగా సాగుతోంది. నేలంతా కరిగిన ఐసు నీళ్ళు, చేపల జిగురు. దూరంగా నూకరాజు ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని కనిపించాడు. “బావా!” అని చెయ్యెత్తి ఒక్క అడుగు వేశాను.

రెండో అడుగు నేను వెయ్యలేదు. బూట్లే వేశాయి. ఆ తర్వాత వాటి దారిన అవి పోయాయి, వాటి వెనకాల నేను పోయాను. పాట పాడేవాణ్ణి దాటాను, త్రాసుని దాటాను, ఇద్దరు పెద్దమనుషులు మర్యాదగా తప్పుకుంటే వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, పోలమ్మ అనే ఆవిడ పోసుకున్న కవ్వళ్ళ చేపల కుప్పలో కూర్చున్నాను.

పోలమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “ఏటి నాయినా, నిన్ను కూడా పాటలో ఎట్టీమంతావేటి?” అంది.

జనం నవ్వులతో రేవు దద్దరిల్లింది. లేచి, చొక్కాలో దూరిన కవ్వళ్ళు తీసి ఆవిడవి ఆవిడకిచ్చి, గోడ పట్టుకుని నూకరాజు దగ్గరికి చేరాను. అప్పుడు చూశాను అతని కాలు. చీలమండ ఉబ్బి పనసకాయలా ఉంది. తడిగుడ్డ చుట్టి ఉంది. అతని మనుషులు ఆరుగురూ ఉత్తికాళ్ళతో చుట్టూ నిలబడి ఉన్నారు.

“రొయ్యల గంప ఎత్తుకుని దిగినాను బావా. పడిపోనాను,” అన్నాడు. “సాయంత్రం బోటు ఏటకెల్లాల. నానెల్లలేను.”

నాకు కోపం ఆగలేదు. ఆ యాప్ కంపెనీ మీద! ఇంత మోసమా? కష్టపడే మనుషులంటే ఇంత అలుసా? “నువ్వుండు బావా, ఆళ్ళ సంగతి నాను తేలుస్తాను!” అని ఫోన్ తీసి, అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ కస్టమర్ కేర్‌కి కలిపాను. ఒకమ్మాయి ఎత్తింది.

“ఏమ్మా, ఐస్ మీద జారవని పసుపు గమ్ బూట్లమ్మి మనుషుల కాళ్ళు విరగ్గొడతారా?” అని గర్జించాను.

“క్షమించండి సార్. అవి వానలో రోడ్డు మీద నడవడానికి సార్. ఐస్ మీద జారవని మేమెక్కడా చెప్పలేదు.”

“చెప్పకపోతే జనం ఎలా కొన్నారమ్మా?”

“ఒక కస్టమర్ రివ్యూలో ఉంది సార్. చదవమంటారా?”

“అక్కర్లేదమ్మా,” అన్నాను గబుక్కున.

“సదవమను బావా!” అన్నాడు నూకరాజు.

ఆ అమ్మాయి నిదానంగా, అక్షరం పొల్లుపోకుండా చదివింది. లంగర్ల దగ్గరికొచ్చేసరికి ఆరుగురిలో ఒకడు పళ్ళు కొరికాడు. “ఆ ఈరుడెవడో సెప్పమ్మా! ఓపాలి మొకం సూడాల!”

“పేర్లు చెప్పకూడదు సార్. రూల్సు ఒప్పుకోవు.”

“అవునమ్మా, రూల్సంటే రూల్సే,” అన్నాను, ఎంతో ఊరటగా. “ఉంటాను మరి.”

“ఒక్క నిమిషం సార్, మీ నంబరు మీద ఫిర్యాదు రాస్తున్నాను. సార్... ఆ రివ్యూ రాసింది మీరే కదా సార్?”

వేలం పాట కూడా ఆగిందనిపించింది నాకు.

నూకరాజు అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. నా మొహంలోకి చూసి, “నిన్నడిగినాను కద బావా,” అన్నాడు. అంతే.

బూట్లు విప్పేశాను. ప్యాంటు మడిచి, అతని బదులు రొయ్యల గంపలెత్తాను, ఐసు ట్రేలు మోశాను. ఎండెక్కాక అతన్ని స్కూటర్ మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎముక విరగలేదు, బెణికింది, పది రోజులు కదలొద్దన్నాడు. బోటు వేరే వాళ్ళ చేతిలో పడి వేటకెళ్ళింది. నూకరాజు ఇంటికి చేరేసరికి గౌరి సంగతంతా విని అప్పటికే అక్కడికొచ్చి ఉంది.

“మా అన్న కాలు ఇరగ్గొట్టీసినారు, ఇంకేటి మిగిలింది? నా గురించి కూడా ఏటైనా రాసినారేటి?” అంది.

“ఆడ్నేటీ అనకు,” అన్నాడు నూకరాజు మంచం మీంచి. “బావా, ఫోన్ తియ్యి. నువ్వు రాసిన పాతది తీసీ. ఇప్పుడు నాను సెప్తాను, రాయి.”

అతను చెప్పాడు, నేను రాశాను. ‘ఈ బూట్లు తొడిగి ఐస్ మీద అడుగెట్టినాను. పడిపోనాను. మావోళ్ళూ పడినారు. మా బావ కూడా పడినాడు. వానకి తొడుక్కోండి. ఆర్బర్‌కి ఒద్దు.’ వాచిన కాలు ఫోటో కూడా పెట్టాను. నా చేత్తో రాసిన రివ్యూలన్నిటిలోకీ మొట్టమొదటి నిజం అది. పంపుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అరగంటలో యాప్ నుంచి జవాబొచ్చింది. ‘మీ రివ్యూను ప్రచురించలేము. ఇది వస్తువును నిజంగా వాడినవారు రాసినట్టుగా లేదు.’

నేను మంచం చుట్టూ చిందులు తొక్కాను. పెట్టెలో ఉన్నదాన్ని పొగిడితే కళ్ళకద్దుకున్నవాళ్ళు, జారిపడి రాస్తే నమ్మరా? న్యాయమా ఇది? నూకరాజు వాచిన తన కాలు పట్టుకుని, పొద్దుటినుంచీ మొదటిసారి, పడీ పడీ నవ్వాడు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట నేను చెప్పుల మీద గాని, చొక్కాల మీద గాని, చివరికి చెవిలో పుల్ల మీద గాని ఒక్క అక్షరం రాయను. సముద్రం మీద ఒట్టు. ఎవరైనా ఫోన్ చేసి ‘సదూకున్నోడివి, కొనీమంతావా?’ అని అడిగితే మాత్రం, ఫోన్ మా ఆవిడకిచ్చేస్తాను.