పన్ను నొప్పి తగ్గిన రంజాన్

ఆ ఏడాది రంజాన్ నెల మొదలయ్యేసరికి కుడివైపు కింది దవడ పన్ను నన్ను వేపుకు తింటోంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. నీళ్ళు మింగేశాక కూడా ఆ సలుపు ఓ పట్టాన వదిలేది కాదు. వేడి టీకీ అంతే. డాక్టరుకి చూపించుకోమని మా తోడికోడలు పోరుపెట్టింది. జగ్గయ్యపేటలో ఒకే ఇంట్లో, పక్కపక్క పోర్షన్లలో ఉంటాం మేము. "పండగ బట్టలు కుట్టడానికే టైం లేదు, ఇప్పుడు పన్ను పట్టుకుని కూర్చోనా?" అని కసిరాను. నాకు నోటి దురుసు ఎక్కువ.

నెల సగమయ్యేసరికి నొప్పి దానంతటదే పోయింది. నా ఓర్పు చూసి పైవాడు కనికరించాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, మిషన్ దగ్గరికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పాను. నోరు మాత్రం వాసన వేసేది. అది నాకూ తెలుసు. పొద్దంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా రోజా ఉన్న నోరు వాసన రాక ఏం చేస్తుంది? పైగా ఆ వాసన దేవుడికి ఇష్టమని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. సిగ్గుపడటం మాట అటుంచి, కాస్త గర్వపడ్డాను కూడా.

పండగ నాడు ఇంటి ఆడవాళ్ళం ముబారక్ చెప్పుకుని కౌగిలించుకుంటున్నాం. తోడికోడలు నా భుజం మీద చెయ్యి వేసి, మొహం పక్కకి తిప్పుకుని, సేమ్యా మాడిపోతోందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందరి ముందూ! నేను కసిరింది మనసులో పెట్టుకుందనుకున్నాను. దానికంత పొగరుంటే నాకెంత ఉండాలి? ఆ పూట తను పంపిన సేమ్యా గిన్నె మూత తియ్యకుండానే వెనక్కి పంపాను. మాటలు మానేశాను. గుమ్మంలో కనబడితే తలుపు వేసుకునేదాన్ని.

రోజాలు అయిపోయాయి, వాసన అయిపోలేదు. చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నొక్కితే నోట్లోకి ఉప్పగా ఏదో దిగేది. అప్పుడు భయమేసి నందిగామ బస్సెక్కాను.

అక్కడి పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, పన్ను వేరు చివర నల్లటి మచ్చ చూపించింది.

"నొప్పి ఎప్పుడు తగ్గిందండీ?"

"సగం రంజాన్‌లో తగ్గిపోయిందండి."

"తగ్గలేదండి, లోపల నరం చచ్చిపోయింది. నొప్పి తెలిసేది దానితోనే కదా. ఇప్పుడు వేరు చివర చీము పడుతోంది. పన్ను పీకక్కర్లేదు, రూట్ కెనాల్ చేద్దాం."

చిగురుకి మత్తు సూది ఇచ్చింది. కాసేపటికి సగం మొహం నాది కాకుండా పోయింది. పన్ను నడినెత్తిన రంధ్రం చేసిందో లేదో, గుప్పున వాసన కొట్టింది. నాకు బాగా తెలిసిన వాసనే. రోజా వాసన అనుకుని నేను మురిసిపోయింది దీన్నే. సన్నటి సూదుల్లాంటి వాటితో ఆవిడ పంటి వేళ్ళ లోపల కుళ్ళిందంతా తోడి, మందునీళ్ళతో కడుగుతోంది. నొప్పి లేదు. కానీ నోరు తెరుచుకుని అలా పడుకుంటే, పండగనాటి తోడికోడలి మొహం గుర్తొచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "నొప్పా అండీ?" అంది డాక్టరమ్మ. కాదని తల ఊపాను. తాత్కాలికంగా రంధ్రం మూసి, మళ్ళీ వస్తే పంటి వేళ్ళ లోపల నింపి పైన క్యాప్ వేస్తానంది.

ఇంటికి రాగానే నేరుగా తోడికోడలి పోర్షన్‌లోకి వెళ్ళాను. జరిగింది చెప్పి, "నా నోరు కంపు కొడుతోందని ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"రోజాలో ఉన్న మనిషిని ఆ మాట ఎట్టా అంటానక్కా? నీ ఉపవాసాన్ని తప్పుబట్టినట్టు ఉండదూ? పండగెళ్ళాక మెల్లగా చెబుదామనుకున్నా. నువ్వు చెప్పనిచ్చావా?"

ఆమె నాకోసం నోరు మూసుకుంటే, నేను ఆమె మొహాన తలుపులు మూశాను. "నాదే తప్పు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నాను.