మామయ్య గుడ్డు పెట్టిన సెలూన్

మాలిష్ మాస్టారి సెలూన్లో మామయ్య గుడ్డు పెట్టాడు. ఈ సంగతి ఎవరి చెవినా పడకూడదన్నది మాస్టారికి వచ్చిన మొదటి ఆలోచన. తెలివితక్కువ ఆలోచనలన్నీ ఆయనకు ముందే వస్తాయి. పనికొచ్చేవి భార్య చెబితే గాని రావు.

మామయ్య అంటే బూడిదరంగు చిలక. పదకొండేళ్ల కిందట ఊరొదిలి వెళ్తున్న ఓ కస్టమరు దాన్ని పంజరంతో సహా ఒప్పజెప్పి, "మగది, బాగా మాట్లాడుతుంది" అన్నాడు. ఆ జాతిలో ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరూ అనుమానించలేదు. బొంగురు గొంతు, కరుకు చూపు, ఎవరేం చేసినా నచ్చని మొహం. ఇలాంటి వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కనుక అందరూ మామయ్య అనే పిలిచారు. మాస్టారి గొంతును అచ్చు దించేసి రోజంతా "తల వంచండి" అనీ, "తర్వాత ఎవరు?" అనీ కేకలేసేది. ఊరికే తొంగిచూసి పోదామనుకున్న వాళ్లు కూడా ఆ కేకకు జడిసి వచ్చి కుర్చీలో కూర్చునేవారు.

మాస్టారికి ఆ పేరు తలకు చేసే మాలిష్ వల్ల వచ్చింది. క్షవరం అంతంత మాత్రమే. ఎడమ చెవి మీది జుట్టు కుడి చెవి మీది జుట్టు కంటే ఎప్పుడూ అరంగుళం పొడుగు. కానీ ఆ చేయి నెత్తిన పడిందా, ఎంతటివాడైనా రెండు నిమిషాల్లో గురక పెట్టాల్సిందే. సాయంత్రం రద్దీ తగ్గాక మామయ్యకూ మాలిషే. తలతో మొదలుపెట్టి మెడ, వీపు, రెక్కల కింద, తోక మొదలు దాకా తీరిగ్గా నిమిరేవాడు. అది కళ్లు అరమూసి, రెక్కలు సడలించి వణికేది. ఓసారి తిన్నది కక్కి ఆయన చెవిలో పెట్టబోయింది. ప్రేమ అనుకుని మురిసిపోయాడు. ప్రేమే. అది ఏ రకం ప్రేమో మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆ ఏడు దాని గుణం మారింది. అద్దం కింద తువ్వాళ్ల సొరుగులో దూరి, పేపర్లు పీలికలు చేసి పరుచుకునేది. మాస్టారు ఎవరి తల పట్టినా ఎగిరొచ్చి వాళ్ల చెవి కొరికేది. పాపం, బ్యాంకు మేనేజరుకు రెండు కుట్లు పడ్డాయి. ఓ పొద్దున మాస్టారు తువ్వాలు కోసం సొరుగు లాగితే, పీలికల మధ్య తెల్లటి గుడ్డు.

ఎదురుగా టీకొట్టు వాడికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? గుడ్డును గుట్టుగా జేబులో వేసుకుని మురిక్కాలవలో పారేశాడు. నాలుగో రోజు ఇంకోటి. అదీ పారేశాడు. ఆయన పారేస్తున్న కొద్దీ అది పెడుతూనే ఉంది. అలా ఆరు పోయాయి. ఏడోది మాత్రం బయటికి రాలేదు.

ఆ రోజు మామయ్య ఈకలన్నీ ఉబ్బించుకుని పంజరం అడుగున కూలబడింది. ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగిరెగిరి పడుతోంది. కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న మనిషిని అలాగే వదిలేసి మాస్టారు పంజరంతో ఇంటికి పరిగెత్తాడు. భార్యను ఆటో ఎక్కించి, ఆరు గుడ్ల కథ దారిలోనే కక్కేసి, పక్షుల డాక్టరమ్మ గది ముందు దిగాడు.

గుడ్డు ఇరుక్కుందంది డాక్టరమ్మ. సూది వేసి, వెచ్చటి తడిగాలి తగిలే పెట్టెలో ఉంచింది. బతుకుతుందని గాని బతకదని గాని చెప్పలేదు. మధ్యాహ్నానికి గుడ్డు బయటపడింది. అప్పటిదాకా మాస్టారు కూర్చోలేదు, మంచినీళ్లు ముట్టలేదు.

"అంతకుముందువి ఏం చేశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మాస్టారు నేల చూపులు చూశాడు. భార్య అందుకుంది. "పారేశారమ్మా. మామయ్య కాస్తా అత్తయ్యని తెలిస్తే పరువు పోతుందట."

"మీరు తీసేసిన కొద్దీ అది మళ్లీ పెడుతుంది. ఒక్కో గుడ్డుకూ దాని ఎముకల్లోని సత్తువంతా పోతుంది. ఇంకోసారి ఇలా ఇరుక్కుంటే నేను కాపాడలేకపోవచ్చు. సరే, దాన్ని ఎలా నిమురుతారో చూపించండి."

పని చూపించమంటే మాస్టారికి హుషారే. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలును చిలక అనుకుని, తల నుంచి తోక దాకా పూర్తి మాలిష్ చేశాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"ఇకమీదట తల వరకే. వీపూ రెక్కలూ నిమిరితే అది మిమ్మల్ని మొగుడనుకుంటుంది. అనుకుంటోంది కూడా."

"ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశాను, నా వీపుకు ఇంత వైభోగం ఎన్నడూ లేదు" అంది భార్య తువ్వాలు వంక చూస్తూ.

ఇది గుడ్లు పెట్టే కాలం కాదని దానికి తోచేలా డాక్టరమ్మ షరతులన్నీ చదివింది. సొరుగుకు తాళం వెయ్యాలి. చింపడానికి కాగితం ముక్క దొరక్కూడదు. వెచ్చటి మెత్తటి తిండి మానిపించాలి. సాయంత్రం ఆరింటికి పంజరం మీద ముసుగు వేస్తే పొద్దున ఎనిమిదికే తియ్యాలి. ఈ గుడ్డు పంజరంలోనే ఉంచాలి, అదే విసుగొచ్చి వదిలేసేదాకా. అద్దంలో ఇంకో చిలక కనబడకూడదు.

"అద్దాలు లేకుండా సెలూన్ ఎలా నడుస్తుందమ్మా?"

"చిలక లేకుండా నడుస్తుందా?"

దాన్ని ఇంట్లో వదిలేస్తే మాస్టారి కోసం అరిచి అరిచి ఈకలు పీక్కుంటుందని ఇదివరకే తేలిపోయింది. మర్నాడు భార్య తెచ్చిన దుప్పట్లు అద్దాలన్నిటికీ కట్టేశాడు. టీకొట్టు వాడు రానే వచ్చాడు.

"అద్దాలకేమైంది మాస్టారూ?"

"మామయ్య గుడ్డు పెట్టాడు" అన్నాడు మాస్టారు. చెప్పేశాక చూస్తే ఒంటి మీద ఒక్క గాయమూ లేదు. అందరూ పడీపడీ నవ్వారు, రెండ్రోజులు వింతగా వచ్చి చూశారు, తర్వాత మర్చిపోయారు. ఇంతోటి దానికా ఆరు గుడ్లు పారేసి దాని ప్రాణం మీదికి తెచ్చాను అని మాస్టారు తనను తానే తిట్టుకున్నాడు. వ్యాపారానికీ ఢోకా లేకపోయింది. అద్దం లేదు కాబట్టి ఎడమ చెవి సంగతి కస్టమర్లకు ఇంటికెళ్లి భార్య నవ్వితే గాని తెలిసేది కాదు.

కష్టమంతా మాస్టారి చేతికే వచ్చింది. ఆయన దగ్గరికొస్తే చాలు, గుడ్డు మీద కూర్చున్న చిలక రెక్కలు దించి, వీపు అప్పగించి వణికేది. ఆయన మొహం తిప్పుకునేవాడు. అది అలిగి మాటలు మానేసింది. పదకొండేళ్లలో సెలూన్ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. మాస్టారికి అన్నం సయించలేదు.

ఇరవై ఆరో రోజున ఒకాయనకు గడ్డం గీస్తుండగా వెనకాల టక్కుమంది. చిలక గుడ్డును ముక్కుతో పంజరం మూలకు దొర్లించేసి, పైకొమ్మ ఎక్కి కూర్చుంది. దులపరించుకుంది.

"తర్వాత ఎవరు?" అంది.

మాస్టారు కత్తి పక్కన పెట్టి పంజరం దగ్గరికి వెళ్లాడు. ఒక వేలితో తల మీద గోకాడు. అది కళ్లు మూసుకుని మెల్లగా తిరిగి వీపు ముందుకు పెట్టింది. ఆయన వేలు మెడ దాకా జారి, అక్కడే ఆగిపోయింది.

"తల వరకేనే" అన్నాడు.

అది ఒంటికంటితో ఆయన్ని ఎగాదిగా చూసి, ఆయన గొంతుతోనే గట్టిగా అరిచింది.

"తల వంచండి."

కుర్చీలో కూర్చున్నాయన అలవాటు కొద్దీ వంచాడు. మాస్టారు కూడా వంచాడు. కళ్లు తుడుచుకోవడానికి అదే వీలుగా ఉంది.