ఈ పూట కారు అక్కర్లేదు

మా వంశంలో నడుం వంచినవాళ్ళు లేరు. దివాణం పోయింది, మాన్యాలు పోయాయి, చివరికి వీధిగుమ్మపు టేకు తలుపులు కూడా ఎవరి మేడకో వెళ్ళిపోయాయి. నిటారుగా నిలబడే అలవాటును మాత్రం ఎవరూ పట్టుకుపోలేకపోయారు. పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో, న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్‌గా, అంటే రోగుల ఒంటిపనులు చూసేవాడిగా చేరినప్పుడు నా దగ్గర మిగిలిన ఆస్తి అదే. చరిత్రలో ఎమ్మే కూడా ఉంది గాని, దాని ఊసు అక్కడ ఎవరూ ఎత్తలేదు. శిక్షణలో మొదటి పాఠం, మనిషిని మంచం మీంచి లేపేటప్పుడు మోకాళ్ళు వంచాలి, నడుం వంచకూడదని. మిగతావాళ్ళు నానా తంటాలు పడ్డారు. నాకది పుట్టుకతో వచ్చిన విద్య.

మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే పురుళ్ళు పోసే చోటు. "మగాడివి, నీకక్కడేం పనిరా?" అని మా అమ్మ కంగారు పడింది. ఆ దేశంలో అది వృద్ధులను కనిపెట్టుకుని ఉండే ఇల్లు. ముందు నడవలో తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఉండేవారు. రెండు కమ్మీల మధ్య మళ్ళీ నడక నేర్చుకుని, మాకో చాక్లెట్ డబ్బా ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయేవారు. రెండో నడవ మంచం పట్టినవాళ్ళది. ఒళ్ళు పుండ్లు పడకుండా వాళ్ళను ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతూ ఉండాలి, మింగలేనివాళ్ళకు అన్నీ మెత్తగా రుబ్బి పెట్టాలి. కొడుకూ కోడలూ ఫ్లోరిడా వెళ్ళినప్పుడల్లా రెండు వారాలకని వచ్చి దిగే ఒక పెద్దావిడ ఉండేది. మా వంటను ఆవిడ తిట్టినంత బాగా ఇంకెవరూ తిట్టలేదు. చివరి నడవ మతి తప్పినవాళ్ళది. ఇప్పుడు డిమెన్షియా అంటున్నారు. అప్పట్లో చాలామంది 'సెనైల్' అనేసి ఊరుకునేవారు.

ఆ నడవ గోడకు ఒక బోర్డు ఉండేది. "ఈ రోజు మంగళవారం. బయట ఎండగా ఉంది. తర్వాతి భోజనం లంచ్." ఎవరైనా పాతకాలంలోకి జారిపోతే మర్యాదగా సరిదిద్ది, ఈ రోజులోకి తీసుకురావాలన్నది మా రూలు. నాకది నచ్చింది. నిజం చెప్పడం మా ఇంటి జబ్బు. కోర్టులో ఒక్క అబద్ధం ఆడి ఉంటే మా తాతగారికి కొబ్బరితోట మిగిలేది. ఆయన ఆడలేదు.

ఆ నడవలో ఒక ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు ఒక పెద్దింట్లో కారు నడిపినవాడు. పొద్దున్నే గడ్డం గీయించుకుని, టై కట్టుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం కాగానే కారు గుమ్మంలోకి తేవాలంటూ తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. బయట లారీలు తిరిగే రోడ్డు. అప్పటికే రెండుసార్లు రోడ్డు అంచు నుంచి పట్టుకొచ్చారు. ఇంకోసారి వెళ్తే ఉంచుకోలేమని, తాళాలు వేసి ఉంచే సర్కారు ఆస్పత్రికి పంపిస్తామని అడ్మినిస్ట్రేటర్ చెప్పేశాడు. అది ఎక్కడో దూరాన ఉంది. ఆయన భార్య మా రెండో నడవలోనే ఉండేది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది గాని, బుర్రా నోరూ పాదరసం. రోజూ ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుంటే, ఎడమచేత్తో టై సర్దేది. ఆయన్ను పంపించేస్తే ఆ దంపతులు మళ్ళీ ఒకరినొకరు చూసుకునే దారి లేదు.

నన్ను మొదటిసారి చూసినప్పుడే ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"కారు సిద్ధంగా ఉంది సర్."

నేను రూలు ప్రకారం చెప్పాను. "నేను మీ యజమానిని కానండీ. ఇది నర్సింగ్ హోమ్. ఈ రోజు మంగళవారం."

"మంగళవారమా? అయితే క్లబ్బుకి ఆలస్యమైపోయింది సర్!" అని ఆయన తలుపు వైపు పరుగు తీశాడు. నేను వెనకాల పరుగు తీశాను.

ఈ సంగతి చెబితే ఆయన భార్య మంచం ఊగేలా నవ్వింది. "తప్పంతా నీదే. మా ఆయన యజమాని కూడా అచ్చం నీలాగే నడిచేవాడు," అంది. ఎలా నడిచేవాడో ఆవిడ చెప్పినదాన్ని మన భాషలో పెడితే, గునపం మింగినట్టు.

మా హెడ్ నర్సు గుంటూరు వైపు ఆవిడ. ఆదివారాలు చర్చిలో తెలుగు పాటలు పాడించేది. మనవైపు ఏ నర్సునైనా సిస్టర్ అనే కదా అంటాం, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను దొరగారూ అనేది. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నేను తేల్చుకోలేదు.

"దొరగారూ, మీ డ్రైవర్ మళ్ళీ డ్యూటీ ఎక్కాడండీ."

"ఆయన నా డ్రైవర్ కాడు సిస్టర్ గారూ."

"ఆయనకి తెలియాలిగా ఆ ముక్క! మీరొక్కసారి కారొద్దని ఆర్డరేస్తే అయిపోద్ది."

"ఇంకొకరి వేషం నేను వెయ్యను. అబద్ధం ఆడను."

"అబ్బో! వేషం ఎవరెయ్యమన్నారండీ? నిజమే చెప్పండి. ఈ పూట మీకు కారు కావాలా?"

"అక్కర్లేదు."

"అదే ఆయనతో అనండి. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

గుంటూరు వాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన లేవగానే అన్నాను. "ఈ పూట కారు అక్కర్లేదు."

"యస్ సర్," అన్నాడు. అన్నాడే గాని కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాస్త ఆగితే మళ్ళీ తలుపు వైపు చూస్తాడని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు మా ఇంటి డ్రైవర్ గుర్తొచ్చాడు. కారు వద్దన్నా వెళ్ళేవాడు కాదు. నాన్నగారు "ఇక వెళ్ళి భోంచెయ్" అంటేనే అరుగు దిగేవాడు. పని లేదనడం వేరు, సెలవివ్వడం వేరు. ఈ మనిషికి ఇన్నేళ్ళుగా అందరూ వారం పేరు చెప్పారు గాని, సెలవు ఎవరూ ఇవ్వలేదు.

"ఇక వెళ్ళి భోంచెయ్," అన్నాను. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒక్కటే. అయినా నేనన్నది 'నువ్వు' అని ఆయనకు వినిపించింది. తేలిగ్గా ఊపిరి వదిలి, భోజనాల గదికి వెళ్ళి కూర్చున్నాడు.

"బ్రెడ్డు ముక్క కూడా వదల్లేదండీ!" అని సిస్టర్ గారు ఖాళీ ప్లేటు తెచ్చి నాకు చూపించింది.

కొన్నాళ్ళు అలా హాయిగా గడిచింది. ఒక చలికాలపు మధ్యాహ్నం నేను ఒకరికి స్నానం చేయిస్తూ ఉంటే బయట కేకలు వినిపించాయి. అడ్మినిస్ట్రేటర్ కారు వెచ్చబడాలని ఇంజను ఆపకుండానే గుమ్మం ముందు వదిలి, ఏదో మర్చిపోయి లోపలికి వచ్చాడట. ఇంకేముంది, మా ముసలాయన వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తలుపుల మీటలు లోపలి నుంచి నొక్కేశాడు. అడ్మినిస్ట్రేటర్ అద్దం మీద బాదుతున్నాడు.

"ఈ రోజే పంపించేస్తాను! ఈ రోజే!"

"దొరగారూ, తొందరగా రండి, ఏదో ఒకటి చెయ్యండి!" అని సిస్టర్ గారు నేను చేయిస్తున్న స్నానం అందుకోవడానికి ఇంకొకరిని కేకేసింది.

నేను తడి ఏప్రన్‌తోనే బయటికి నడిచాను. ఆయన కారు కదిలించడని నాకు నమ్మకం. యజమాని ఎక్కకుండా బండి కదిలించే డ్రైవర్ కాడు. నేను అద్దం కొట్టలేదు, పిలవలేదు. వెళ్ళి వెనక తలుపు పక్కన నిటారుగా నిలబడ్డాను.

"లాగి చూడవయ్యా, అదైనా తెరుచుకుంటుందేమో!" అని అడ్మినిస్ట్రేటర్ అరిచాడు.

నేను చెయ్యి వెయ్యలేదు. మా ఇంట్లో పెద్దలెవరూ కారు తలుపు తమ చేత్తో తీసుకోలేదు. డ్రైవర్ దిగి వచ్చి తియ్యాలి. అప్పటిదాకా నిలబడాలి.

లోపలి అద్దంలో ఆయన నన్ను చూశాడు. సర్ చలిలో నిలబడి ఉన్నారు! గబగబా ఇంజను ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఈలోగా సిస్టర్ గారు ముందు సీట్లోకి వంగి తాళాలు లాగేసింది.

"ఈ పూట కారు అక్కర్లేదు. వెళ్ళి భోంచెయ్."

"యస్ సర్. ఎడమవైపు వెనక టైరులో గాలి తగ్గింది సర్. చూపించాలి."

అడ్మినిస్ట్రేటర్ వంగి చూశాడు. నిజంగానే తగ్గింది.

ఆ టైరు ఆయన కోపాన్ని కొంత దించింది. మిగతాది సిస్టర్ గారు దించింది. ఆఫీసులో ఎంతసేపు మాట్లాడిందో గాని, చివరికి, మళ్ళీ గుమ్మం దాటకపోతే ఉంచుతానన్నాడు. అయితే నాకు సెలవు రోజులు ఉంటాయిగా? అందుకని సిస్టర్ గారు ఆరడుగుల ఐరిష్ ఎయిడ్‌ను ఒకణ్ణి నా ఎదుట నిలబెట్టి, నాలా నిలబడడం నేర్పించింది. వాడు మెడ బిగించుకుని వెళ్ళి "కారు అక్కర్లేదు" అన్నాడు. ముసలాయన ఎగాదిగా చూసి, "ఐసుగడ్డలు దింపేవాళ్ళు పక్క గుమ్మం నుంచి రావాలయ్యా," అన్నాడు.

దారి చూపించింది ఆయన భార్యే. "పని లేకపోతేనే కదా కారు కోసం వెతుక్కుంటాడు? పని చెప్పు. ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్కసారైనా వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పలేదు. ఆ బాకీ తీర్చమను."

సిస్టర్ గారూ నేనూ చెరో పక్కా పట్టి ఆవిడను చక్రాల కుర్చీలోకి దించాం. ఒళ్ళో దుప్పటి కప్పాం. నేను ఆయనతో అన్నాను, "రోజూ మధ్యాహ్నం మేడమ్‌ను తిప్పి తీసుకురా. నేను లేని రోజుల్లో కూడా."

"మర్చిపోతే?" అని సిస్టర్ గారు నా చెవిలో గొణిగింది.

"నాకు నోరున్నదెందుకు? నేను గుర్తు చెయ్యనూ?" అంది కుర్చీలోంచి ఆవిడ. మాకు తెలుగు, ఆవిడకు ఇంగ్లీషు. ఎలా అర్థమైందో నాకిప్పటికీ తెలియదు.

ఆయన టై సవరించుకుని, కుర్చీ చక్రాలు రెండూ నొక్కి చూసి, బయల్దేరాడు. ఆవిడ గదుల్లోవాళ్ళకు ఎడమచెయ్యి ఊపుతూ, "నెమ్మదిగా! గుంతలున్నాయి!" అని కేకలు పెడుతోంది. మలుపు దగ్గర ఆయన వేగం తగ్గించి, పాతకాలపు డ్రైవర్లలా ఎడమచెయ్యి బారున చాపి సైగ చేశాడు. ఈలోగా వెళ్ళి దుప్పట్ల బండి తోసుకుంటూ ఎదురుగా వస్తున్న నేను గోడవారకు జరిగి దారి ఇచ్చాను.